కార్తీకమాసంలో దెయ్యాల జెల్లీ

ముందే చెప్పేస్తున్నా, ఇది వంట నేర్పే వ్యాసం కాదు. కొలతలుంటాయి, చిట్కాలుంటాయి, కాస్త కెమిస్ట్రీ కూడా ఉంటుంది. కానీ చివరిదాకా చదివాక "ఇది మా ఇంట్లో చెయ్యకపోవడమే మంచిది" అని మీకనిపిస్తే నాకు సంతోషమే.

2022 నాటి మాట. న్యూజెర్సీలో మా ఇంట్లో అక్టోబరు 29 శనివారం రాత్రి హాలోవీన్ పార్టీ పెట్టుకున్నాం. అసలు పండగ 31న, సోమవారం. సోమవారం రాత్రి పార్టీ అంటే మంగళవారం పొద్దున స్టాండప్ మీటింగుకి ఎవడు లేస్తాడు? అందుకని శనివారానికి జరిపాం. ఎనిమిది కుటుంబాలు, అందరూ మనవాళ్ళే. ఆ ఏడు దీపావళి 24న వచ్చింది, 26 నుంచి కార్తీకమాసం. అంటే హాలోవీన్ సరిగ్గా మొదటి కార్తీక సోమవారం నాడు పడిందన్నమాట. ఈ సంగతి పార్టీ పెట్టుకున్న మాకెవ్వరికీ తట్టలేదు. బండారులంక నుంచి మా దగ్గరికొచ్చి ఉన్న మా అమ్మకి మాత్రం తెలుసు.

బండారులంక తెలియనివాళ్ళకి: అమలాపురం పక్కనే, అంబాజీపేట వెళ్ళే దారిలో ఉంటుంది. చేనేత చీరలకి పేరున్న ఊరు. మా చిన్నప్పుడు మా ఇంట్లోనూ మగ్గం ఉండేది. కొబ్బరిచెట్లు, కాలవలు, మగ్గాల చప్పుడు... సరే, ఆ వర్ణన మొదలెడితే ఇక ఆగను, అసలు విషయానికొస్తా.

పార్టీకి పిల్లల డ్రస్సులు, గుమ్మడికాయలు, సాలీడు గూళ్ళు అన్నీ మా ఆవిడ చూసుకుంది. నా వంతు ఒక్కటే: పెద్దలకి జెల్లీ షాట్లు. అంటే రంగురంగుల జెల్లీలో ఓడ్కా కలిపి, చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో గడ్డకట్టించి, హాలోవీన్ కనక రక్తంలాగానో, కనుగుడ్లలాగానో కనపడేట్టు చెయ్యడం. ఆఫీసులో ఎవరో తెస్తే ఒకసారి తిన్నాను. తింటే పండ్ల రుచి తప్ప ఇంకేం తెలీదు. పది నిమిషాలయ్యాక తెలుస్తుంది :-)

ఏ పని మొదలెట్టినా ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చదివితే గానీ నాకు తోచదు. అమెరికాలో జెల్-ఓ అనే పొడిని 1897లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెరాయ్ అనే ఊళ్ళో పెర్ల్ వెయిట్ అనే ఆయన తయారుచేశాడు. అమ్ముకోలేక రెండేళ్ళకే 450 డాలర్లకి హక్కులు వదిలేసుకున్నాడు. (మనలో స్టాకు ఆప్షన్లు తొందరపడి అమ్ముకున్నవాళ్ళకి ఈయన ఆదిగురువు.) మందు కలిపిన జెల్లీ అంతకన్నా పాతది. 1862లో జెర్రీ థామస్ అనే బార్ టెండరు రాసిన పుస్తకంలోనే పంచ్ జెల్లీ ఉంది. అందులో ఆయనే ఓ హెచ్చరిక కూడా పెట్టాడు: ఈ జెల్లీలో మందు ఘాటు దాగిపోతుంది, తెలీక ఎక్కువ తినేసి ఇబ్బంది పడ్డవాళ్ళున్నారు, జాగ్రత్త అని. ఆ తర్వాత 1950ల్లో టామ్ లేరర్ అనే లెక్కల మాష్టారు, కొంటె పాటల రచయిత (2025లో తన 97వ ఏట పోయాడు), సైన్యంలో పనిచేస్తుండగా, మందు తాగకూడదన్న చోట క్రిస్మస్ పార్టీకి ఓడ్కాని జెల్లీగా మార్చి తీసుకెళ్ళానని తానే చెప్పుకున్నాడు. తాగడం నిషేధం గానీ తినడం కాదు కదా!

ఇదంతా చదివి నవ్వుకున్నాను. థామస్ గారి హెచ్చరిక కూడా నవ్వుతూనే చదివాను. ఇప్పుడనిపిస్తుంది, ఆ వంటకం కనిపెట్టిన రోజునుంచీ దాని ఉద్దేశం ఒక్కటే: దాచడం.

శుక్రవారం రాత్రి ట్రయల్ వేశాను. ఒక 85 గ్రాముల జెల్లీ పొడి ప్యాకెట్టు, ఒక కప్పు మరిగే నీళ్ళు, పొడి పూర్తిగా కరిగాక ఒక కప్పు ఓడ్కా. మామూలుగా అరకప్పు ఓడ్కా, అరకప్పు చన్నీళ్ళు పోస్తారు. మనం కోనసీమ వాళ్ళం, మర్యాదల్లో తగ్గం కదా, కప్పు నిండా పోశాను. అంతకు మించితే జెల్లీ సరిగ్గా గడ్డకట్టదు. ఒక ప్యాకెట్టుకి పదహారు బుల్లి కప్పులొచ్చాయి. ఇంకో గిన్నెలో తెలివిగా తాజా అనాసపండు రసం కలిపాను. పొద్దున చూస్తే నీళ్ళకి నీళ్ళే! పచ్చి అనాసలో, బొప్పాయిలో ఉండే ఎంజైములు జెలటిన్ని ముక్కలు చేసేస్తాయట. డబ్బాలో వచ్చే అనాస అయితే వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి పరవాలేదు.

ఇవి చేస్తున్నంతసేపూ మా అమ్మ వంటింట్లో కుర్చీ వేసుక్కూచుని చూస్తోంది.

"ఏవిట్రా అది, జున్నులాగా వణుకుతోంది?"

"జెల్లీ అమ్మా."

"దేంతో గడ్డకట్టింది?"

"ఏదో పౌడర్లే అమ్మా."

మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదివాను. జెలటిన్. అదేమిటో నాకు పూర్తిగా తెలీకపోలేదు, గుర్తు తెచ్చుకోలేదంతే. గిట్టల్లోంచి, కొమ్ముల్లోంచి తీస్తారనుకుంటారు చాలామంది. కాదు. పంది చర్మం, ఆవుల, ఎద్దుల చర్మాలు, ఎముకలు. వాటిలో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ని ఉడకబెట్టి తీస్తారు. మా అమ్మ మామూలు రోజుల్లోనే మాంసం ముట్టదు. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తుంది. ఆవిడ ఇంగ్లీషు చదవలేదు. అంటే ఆ ప్యాకెట్టు మీద రాసి ఉన్నది ఆవిడకి రాయనట్టే లెక్క. నేను చెప్పకపోతే ఆవిడకి ఇంకెవరూ చెప్పరు.

చెప్పేశాను. "పొయ్యి మీద ఆ గిన్నె పెట్టకు మరి, నేను వేరే గిన్నెలో వండుకుంటాను" అంది, అంతే. కోప్పడనైనా పడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది నాకు.

అప్పుడు చైనా గ్రాస్ గుర్తొచ్చింది. అదే, అగర్ అగర్. సముద్రపు నాచు నుంచి తీస్తారు. దీని గురించి నాకు నచ్చిన కథ ఒకటుంది. 1881లో జర్మనీలో రాబర్ట్ కాక్ ల్యాబులో వాల్తర్ హెస్సే అనే డాక్టరు సూక్ష్మక్రిముల్ని జెలటిన్ మీద పెంచడానికి ప్రయత్నిస్తుంటే, వేడికి అది కరిగి నీరైపోయేది. వాళ్ళావిడ ఫానీ హెస్సే, "నా వంటింటి జెల్లీలు ఎండల్లో కూడా కరగవు, అగర్ వాడి చూడండి" అని సలహా ఇచ్చింది. జావాలో ఉండొచ్చిన పొరుగావిడ దగ్గర నేర్చుకుందట. ఈ రోజుకీ ప్రపంచంలో అన్ని ల్యాబుల్లోనూ అదే వాడుతున్నారు. జెలటిన్ దాదాపు 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, అందుకే నోట్లో పెట్టుకోగానే జారిపోతుంది. అగర్ ఒకసారి గడ్డకట్టాక 85 డిగ్రీల దాకా కదలదు. జెలటిన్ జెల్లీ మా ఊరి మే నెల మధ్యాహ్నానికి పాయసం అయిపోతుంది. అగర్ అయితే నిలబడుతుంది.

శనివారం పొద్దున అగర్ పొడి, దాంతోబాటు థాయ్‌లాండ్ నుంచి డబ్బాల్లో వచ్చే ముంజలు తెచ్చాను. హాలోవీన్ కనుగుడ్లకి ఇక్కడ లిచీ పళ్ళు వాడతారు. తాటిముంజ ముందు లిచీ ఏపాటి! తెల్లగా, పారదర్శకంగా, మధ్యలో గుంటతో దేవుడు కనుగుడ్డు కోసమే చేసినట్టుంటుంది. ఆ గుంటలో ఒక బ్లూబెర్రీ పెట్టి, చుట్టూ కొబ్బరినీళ్ళ జెల్లీ పోస్తే, కప్పులోంచి కన్ను మనల్నే చూస్తున్నట్టుంటుంది.

ఇందులో మా అమ్మ కూడా చెయ్యి వేసింది. అగర్ రెండు మూడు నిమిషాలు బాగా మరిగితే గానీ కరగదు, కప్పుకి ఒక చిన్న చెంచా చొప్పున వెయ్యాలి. నేను టైమర్ పెట్టుకుంటే, ఆవిడ గరిటె ఎత్తి జారుతున్న ధార చూసి, "ఇంకా అవలేదు... ఇంకా... ఆఁ, దింపు" అంది. పడుగుకి పెట్టే గంజి అలాగే చూసేవారట. సరిగ్గా కుదిరింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్తాను. కనుగుడ్లు రెండు రకాలు చేశాను. పిల్లలకీ, మా అమ్మకీ ఉత్త కొబ్బరినీళ్ళతో. మిగతా శాకాహారం పెద్దలకి ఓడ్కాతో. (చల్లటి ఓడ్కా పోస్తే అగర్ వెంటనే ఉండలు కడుతుంది. పొయ్యి మీద వేడిచేస్తే ఆవిరి అంటుకునే ప్రమాదం. అందుకని సీసాని గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి, పొయ్యి ఆపేశాక కలిపాను. చూశారా, ఎంత జాగ్రత్తో!) రెండిటికీ అవే కప్పులు, అవే ముంజలు, అవే బ్లూబెర్రీలు. చూడ్డానికి తేడా లేదు. ఫ్రిజ్‌లో పై అరలో మందువి, కింద అరలో మామూలువి పెట్టి, పై ట్రేకి పసుపు కాగితం అంటించి "పెద్దలకి మాత్రమే" అని ఇంగ్లీషులో రాశాను. పద్నాలుగేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాణ్ణి. సేవ్ బటనూ డిలీట్ బటనూ ఒకే రంగులో పక్కపక్కన పెట్టినవాణ్ణి కోడ్ రివ్యూలో ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు.

రాత్రి ఎనిమిదింటికి ఇల్లంతా గోల. పదమూడు మంది పిల్లలు, ఇద్దరు బ్యాట్‌మన్లు, ముగ్గురు ఎల్సాలు, ఒక అస్థిపంజరం. ఎవరో రసమలై తెచ్చి ఫ్రిజ్‌లో చోటు కోసం ట్రేలు అటూ ఇటూ మార్చారు. ఫ్రిజ్ చెమ్మకి పసుపు కాగితం ఊడి ఎక్కడో పడింది. ఎవరు మార్చారో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. చోటు కోసం ట్రే జరపడం తప్పు కాదు కదా.

పిల్లల బల్ల మీదకి వెళ్ళింది ఏ ట్రేనో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

నేను హాల్లో పాటలు మారుస్తున్నాను. మా అమ్మ పిల్లల దగ్గర కూచుని ఉంది. అస్థిపంజరం వేషం వేసిన ఆరేళ్ళ బాబు, మా స్నేహితుడి కొడుకు, కప్పులోంచి కన్ను జుర్రుకుని మొహం అదోలా పెట్టి "మామ్మా, ఇట్స్ స్పైసీ" అన్నాడట. "స్పైసీ" అంటే మా అమ్మకి తెలుసు. కొబ్బరినీళ్ళు కారంగా ఎందుకుంటాయి? తన చేత్తో కలిపించిందాయె. వాడి చేతిలో కప్పు లాక్కుని వాసన చూసింది. ముంజ వాసన, కొబ్బరి వాసన. అప్పుడు వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది.

కార్తీకమాసంలో, ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి.

ఆ తర్వాత నాకు వినపడింది మా అమ్మ గొంతు ఒక్కటే. ఆవిడ అరవడం నేను చాలా ఏళ్ళుగా వినలేదు. "ఒరేయ్! ఇందులో మందుంది! ఎవ్వరూ ముట్టుకోకండి!" అని తెలుగులో అరుస్తూ రెండు చేతుల్తో బల్ల మీది కప్పులన్నీ కింద చెత్తబుట్టలోకి తోసేసింది. పిల్లలు బిత్తరపోయారు. కొందరు ఏడుపు. నేను వెళ్ళేసరికి ఆవిడ ఆ బాబుని ఒళ్ళో కూచోబెట్టుకుని "ఎన్ని తిన్నావు నానా, మామ్మకి చెప్పు, కొట్టను" అని అడుగుతోంది. వాడు రెండు వేళ్ళు చూపించాడు. కాసేపాగి మూడు చూపించాడు.

పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చేశాం. ఇక్కడ పిల్లలున్న ప్రతి ఇంట్లో ఆ నంబరు రాసి ఉండాలి: 1-800-222-1222, రాత్రీ పగలూ పలుకుతారు. వాళ్ళు వయసు, బరువు, ఎంత తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు అన్నీ అడిగి, వాడికి ఏదైనా తినిపించమని, తియ్యటిది తాగించమని, నిద్రపోనివ్వకుండా చూడమని, ఈ ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పారు. చెత్తబుట్టలోంచి ఖాళీ కప్పులు ఏరి లెక్కపెట్టాం. వాడు తిన్నది ఒకటిన్నరో, రెండో. ఇంకే పిల్లాడూ తినలేదు. రెండు గంటలపాటు వాడు ఎక్కువగా మాట్లాడాడు, ఒకసారి తూలాడు, తర్వాత మామూలైపోయాడు. వాళ్ళమ్మ వాణ్ణి ఎత్తుకుని, నాతో గానీ మా ఆవిడతో గానీ ఒక్క ముక్క మాట్లాడకుండా కారెక్కింది. వెళ్తూ మా అమ్మ చేతులు మాత్రం పట్టుకుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. ముందే వెయ్యాల్సిన లెక్క. కప్పుకి 15 మిల్లీలీటర్ల ఓడ్కా. రెండు కప్పులంటే 30. నలభై శాతం అంటే అందులో 12 మిల్లీలీటర్ల ఆల్కహాలు, తూకంలో సుమారు తొమ్మిదిన్నర గ్రాములు. ఇరవై కిలోల పిల్లాడి ఒంట్లో నీళ్ళు సుమారు 12 కిలోలు. భాగిస్తే రక్తంలో 0.08 శాతం దగ్గరికొస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పెద్దవాడు కారు నడపకూడదని గీసిన గీత అది. నాకు రెండు కప్పులంటే చప్పరించి పారేసేది. వాడికి రెండు కప్పులంటే ఇది. పైగా చిన్నపిల్లల ఒంట్లో చక్కెర నిల్వలు తక్కువ, ఆల్కహాలు పడితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తియ్యటిది తాగించమన్నది అందుకే. వాడు ఇంకో మూడు తిని, ఎవరూ చూడకుండా సోఫా మీద నిద్రపోయి ఉంటే? "పాపం ఆడి ఆడి అలిసిపోయాడు" అని నేనే దుప్పటి కప్పేవాణ్ణి.

పొద్దున్నే లేచి మా అమ్మ దగ్గర కూచున్నాను. "అసలు నీకెలా అనుమానమొచ్చిందమ్మా?" అనడిగాను.

"నీ బొండాం సంగతి మర్చిపోయేవా?" అంది.

మర్చిపోవడమేమిటి! అది నేను హాస్టల్లో, ఆఫీసు లంచుల్లో, పాతికసార్లు చెప్పి నవ్వించిన కథ. 1996, మన రాష్ట్రంలో మద్యనిషేధం నడుస్తున్న రోజులు. 1995 జనవరిలో పెట్టారు, 1997లో ఎత్తేశారు. మా వైపు వాళ్ళకి నిషేధం అంటే యానాం. అది పాండిచ్చేరి కిందది కాబట్టి అక్కడ నిషేధం లేదు. వంతెన ఇంకా కట్టలేదు, ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే చాలు. మా దూరపు బంధువు ఒకాయన వెళ్ళొస్తూ, కొబ్బరిబొండానికి చిన్న కన్నం పెట్టి, నీళ్ళు తీసేసి, బ్రాందీ నింపి, పీచుతో బిరడా బిగించి తెచ్చాడు. తెచ్చి మా అరుగు మీద మిగతా బొండాల పక్కన పెట్టాడు. తొమ్మిదేళ్ళ నేను ఆడి వచ్చి, ఇప్పటికే కన్నం ఉన్న బొండాం కదా, కత్తి పని తప్పిందని ఎత్తి గటగటా తాగేశాను. "తొమ్మిదో ఏటనే బ్రాందీ కొట్టినవాణ్ణిరా నేను" అనేది నా కథలో ఆఖరి వాక్యం. అందరూ పడీపడీ నవ్వేవారు.

మా అమ్మ కథ వేరు. నేను అరగంట వాంతులు చేసుకుని తర్వాత పలకలేదట. నాన్న సైకిలు మీద అమలాపురం వెళ్ళి డాక్టర్ని తీసుకొచ్చేదాకా ఏమైందో ఎవరికీ అర్థం కాలేదట. ఎందుకంటే తెచ్చినాయన భయపడి నోరు విప్పలేదు. పాము ముట్టిందేమోనని కాళ్ళూ చేతులూ వెతికారట. ఆ రాత్రంతా పది నిమిషాలకోసారి చెంచాతో పంచదార నీళ్ళు పోస్తూ, నేను ఊపిరి తీస్తున్నానో లేదో చూస్తూ కూచుందట.

"బొండాం చివర మిగిలింది నాలిక మీద వేసుకుని చూసేను. అప్పుడు తెలిసింది. నిన్న ఆ రుచి తగలగానే..." అని ఆగిపోయింది.

నేను ఇరవయ్యేళ్ళపైగా నవ్వుతూ చెప్పిన కథలో మా అమ్మ అసలు లేదు. ఆవిడెప్పుడూ నా కథని సరిదిద్దలేదు కూడా.

కాసేపయ్యాక తనే అంది. "మనూళ్ళో కల్లు ముంతలు ఎక్కడపడితే అక్కడ ఉండేవి కదరా. తాటిచెట్టు కిందే మీరంతా ముంజలు తినేవారు. ఒక్క పిల్లాడైనా పొరబాటున కల్లు తాగేడా? ఆమడ దూరం నుంచే కంపు కొడుతుంది. ఈ వాసన లేకుండా చేసేదే నాకు భయం."

ఇన్ని రివ్యూలు చేసినవాడికి, ఇంత చదువుకున్నవాడికి అర్థం కానిది ఇదే. లేబుల్ పెట్టాను కదా అన్నది నా ధైర్యం. లేబుల్ చదవగలిగినవాడికే లేబుల్. మా అమ్మ జెలటిన్ ప్యాకెట్టు చదవలేదు. ఆరేళ్ళవాడు పసుపు కాగితం అతికి ఉన్నా చదివేవాడు కాదు. ప్రమాదం ఎవరికైతే ఎక్కువో వాళ్ళకే అక్షరాలు పనికిరావు. వాళ్ళకి పనికొచ్చేది రంగు, ఆకారం, వాసన, ఎత్తు. నేను చేసిన వంటకం వాటన్నిటినీ పనిగట్టుకుని చెరిపేసింది. నూటయాభై ఏళ్ళ కిందట ఆ బార్ టెండరు గారు రాసిన హెచ్చరిక సరిగ్గా ఇదే.

కొందరు మిత్రులు "కప్పుల రంగు మారిస్తే సరిపోయేది కదా, ఇంత బాధెందుకు" అన్నారు. సరిపోయేదేమో. కానీ రసమలై పెట్టుకోడానికి ట్రే జరిపినట్టే, రంగు కప్పులు అయిపోతే ఎవరో ఒకరు ఉన్న కప్పులు వాడతారు. పార్టీలో ఏ రూలూ తొమ్మిది దాటాక బతకదు. అందుకని మా ఇంట్లో ఇప్పుడు రూలు ఒక్కటే: జెల్లీ అంటే పిల్లలది. మందు గ్లాసులోనే ఉంటుంది, మందులాగే కనపడుతుంది, మందులాగే వాసనొస్తుంది. పెద్దలకి దెయ్యాల హంగు కావాలంటే టానిక్ వాటర్ ఉంది. అందులోని క్వినైన్ వల్ల నల్ల లైటు కింద నీలంగా మెరుస్తుంది.

సోమవారం, అసలు హాలోవీన్ నాడు, మా అమ్మ ఉపవాసం. నక్షత్రాలు చూశాక గానీ తినదు. పొద్దుగూకేవేళ మెట్ల మీద శాలువా కప్పుకుని కూచుని, చాక్లెట్ల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, వచ్చిన ప్రతి దెయ్యానికీ రెండేసి చొప్పున పంచింది. గిన్నెలో వెయ్యబోయేముందు ప్రతి ప్యాకెట్టూ నా చేతికిచ్చి "ఇందులో ఏవుందో చదువు" అంది. చదివాను. జెలటిన్ ఉన్న గమ్మీ పురుగులు రెండు సంచులు. "దీంట్లో పంది చర్మం ఉందమ్మా" అన్నాను. "తినే పిల్లలు తింటారు, తినని పిల్లలకి చాకలెట్టు ఇద్దాం. అడిగి ఇద్దాం" అంది. అలాగే, తెలుగులో అడిగి ఇచ్చింది :-) ఎవరికేం అర్థమైందో గానీ, అందరూ నవ్వుతూ తీసుకున్నారు.

మా స్నేహితుడి భార్య మళ్ళీ మా ఇంటికి రావడానికి ఐదు నెలలు పట్టింది. ఉగాదికి వచ్చింది. నేను తనకి ఏ సంజాయిషీ చెప్పుకోలేదు. రెండు కప్పులు, 0.08 అన్న లెక్క మాత్రం దాచకుండా చెప్పాను. తనకి తెలియాల్సిన హక్కుందనిపించింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఉగాది పచ్చడి అడిగింది.

ఆ తర్వాతి హాలోవీన్‌కి ఫోన్ చేసి మా అమ్మని అడిగాను, ఫ్రిజ్ మీద ఏం రాయమంటావు అని. మా చిన్నప్పుడు దెయ్యం రాకుండా తలుపుల మీద బొగ్గుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు, గుర్తుందా? "ఓ పిల్లాడా, ఇరవయ్యొకటి నిండేక రా అని రాయి" అంది. రాశాను. మా పిల్లలకి తెలుగు చదవడం రాదు కనక దానివల్ల ఉపయోగం సున్నా. అయినా ఉంచాను. మందు సీసాలు మాత్రం తాళం వేసిన బీరువాలో ఉన్నాయి.

మా అమ్మ ఇప్పుడు బండారులంకలో చైనా గ్రాస్‌తో కొబ్బరినీళ్ళ జెల్లీ చేస్తోంది. ఎండాకాలంలో నిజం ముంజలు వేసి, వీధిలో పిల్లలందరికీ పంచుతుందట. పంచేముందు ప్రతి గిన్నెలోంచీ ఒక చెంచా తను తిని చూస్తుందట.